వడ్రంగి చేతి కుంచె

చీనాదేశపు మధ్యభాగమునకు దక్షిణముగా హూనాన్ అను రాష్ట్రము కలదు. అందలి శియాంగ్‌టాన్ మండలములో ఒక కుగ్రామము, ఆ గ్రామమున ఒక చెఱువు ఉండెను. పూర్వ మెప్పుడో ఆకాశమునుండి ఒక చుక్క రాలి అందులో పడినదని ఆ యూరివారు చెప్పుకొనెడివారు. అందుచే దానికి చుక్కల చెఱువని పేరు వచ్చినది. ఆ చెఱువు గట్టుననున్న యొక పూరింట, 1864వ సంవత్సరము జనవరి 1వ తేదీన ఒక బాలుడు జన్మించెను. చీనావారు ఇంటిపేరును ముందు పలుకుదురు. ఆ బాలుని ఇంటిపేరు చీ. పెట్టిన పేరు ఛున్‌జి. లోక మతనిని తరువాత చీ బైషీ అని పిలిచినది.

ఆ కుటుంబమునకుగల సొంతపొలము ఎకరములో ఆఱవవంతు మాత్రమే. అందు పండిన గింజలు ఎవరికిని చాలవు. తాతయు తండ్రియు కూలి పనులకు పోవుచుండిరి. నాయనమ్మయు తల్లియు ఇంటిపని, పొలముపని చేసికొనుచు, తీరినప్పుడు నూలు వడకుచుండిరి. బాలునికి వెనుక మఱి యెనమండుగురు తోబుట్టువులు కలిగిరి. ఇట్టి ఇంట పుస్తకమునకును కుంచెకును చోటెక్కడిది?

అయినను బాలుని చదువు ఆ యింటి పొయ్యికడనే ఆరంభమైనది. చలికాలపు రాత్రులందు తాత పొయ్యిముందు కూర్చుండి, తన పాత గొఱ్ఱెతోలు కోటులో మనుమని పొదివికొని వెచ్చగా ఉంచెడివాడు. చేతి పట్టుకారుతో బూడిదను చదును చేసి, దానిపై ఒక్కొక్క అక్షరము వ్రాసి చూపెడివాడు. చీనాభాషలో మనకువలె అక్షరమాల లేదు. ఇంచుమించు ప్రతిమాటకును వేఱువేఱు గుర్తు కలదు. చక్కగా చదువ నేర్చినవానికి వేలకొలది గుర్తులు తెలిసియుండవలెను. తాతకు తెలిసినవి 300 మాత్రమే. బూడిదలో వ్రాయుట, చెఱపుట, మరల వ్రాయుట - ఇట్లు రెండుమూడేండ్లలో తాతగారి నిధి యంతయు మనుమనికి చేరిపోయినది. ఇక తనవద్ద నేమియు లేదని ఆ వృద్ధుడు చింతించెను.

1870లో మాతామహుడు సమీపమున ఒక చిన్న బడిని తెఱచెను. మనుమనికి ఆయన జీతము పుచ్చుకొనడు. కాని కాగితము, కుంచె, పుస్తకము కొనవలెను గదా! తల్లి చాలకాలముగా ఒక పని చేయుచుండెను. పొయ్యిలోనికి తెచ్చిన వరిగడ్డిలో అక్కడక్కడ అంటుకొనియున్న గింజలను కఱ్ఱతో కొట్టి రాల్చి, పిడికెడు పిడికెడుగా కూడబెట్టి, పొరుగూరి కంసాలి ఇంట దాచుచుండెను. కొప్పులో తుఱుముకొనుటకు ఒక వెండి సూది చేయించుకొనవలెనని ఆమె కోరిక. ఆ ధాన్యమును విడిపించి, ఆ సొమ్ముతో కొడుకునకు కాగితములును కుంచెయు కొనిపెట్టెను. వెండి సూది మాట మరల ఎత్తలేదు.

బడికి పోవు త్రోవ కొండదారి. వానకాలమున జాఱుడు బురద. తాత ఒక చేత గొడుగును, మఱియొక చేత అన్నపు మూటను పట్టుకొని, దారి చెడ్డగా ఉన్నచోట బాలుని వీపున మోసికొని పోవుచుండెను. బడిలో అక్షరములు దిద్దుటకు ఇచ్చిన కాగితములపై ఛున్‌జి బొమ్మలు వేయ మొదలిడెను. తోడి బాలుని యింటి తలుపుపై ఉఱుముల దేవుని పటము అంటించియుండెను. బిడ్డ పుట్టిన ఇంట అట్టి పటము నుంచుట ఆ దేశాచారము. ఆ దేవుని విచిత్రమైన ముఖము ఇతనిని ఆకర్షించినది. చూచి వేయబోగా మొగము మొగమువలె రాలేదు. మరల మరల ప్రయత్నించెను, కుదురలేదు. అప్పుడొక ఎత్తుపీట వేసికొని యెక్కి, పటముమీద పలుచని కాగితము పఱచి, గీతల వెంబడి గీతలు దిద్ది తెచ్చెను. ఈసారి బొమ్మ అచ్చముగా దిగినది. తోడిపిల్లలు తమకును ఒకటి వేసియిమ్మని వెంటబడిరి. ఆ తరువాత చెఱువు గట్టున చేపలు పట్టు ముదుసలిని చూచి, దేని సాయమును లేకయే చిత్రించెను. కాగితములు చిరిగిపోవుచుండుట చూచి మాతామహుడు మందలించెను. బాలుడు తల యూపెను గాని మానలేదు.

బడి ముచ్చట ఏడాదియైనను సాగలేదు. ఆ సంవత్సరము వానలు చెడి పంట దెబ్బతినెను. ఇంట బియ్యము నిండుకొన్నవి. తల్లి ఎండిన పొలములలో అడవి చేమదుంపలు త్రవ్వించి తెప్పించి, పేడపిడకల నిప్పులో కాల్చి పిల్లలకు పెట్టెను. పెద్దవాడైన పిమ్మట చీ బైషీ చేమదుంపలను చిత్రించినప్పుడెల్ల ఆ కాలిన దుంపల రుచి జ్ఞప్తికి వచ్చుచుండెనట.

చదువు మానిన బాలుడు దున్నపోతును మేపుటకును, కట్టెలు ఏఱుటకును కొండకు పోవుచుండెను. పుస్తకమును దున్న కొమ్మునకు తగిలించుకొని వెళ్లి, చదువులో బడి కట్టెల మాట మఱచెడివాడు. నాయనమ్మ అతని మెడకు ఎఱ్ఱదారముతో ఒక ఇత్తడి గంట కట్టినది. సంధ్యవేళ ఆ గంట చప్పుడు దూరమున వినబడగానే మనుమడు క్షేమముగా వచ్చుచున్నాడని తెలిసికొని ఆమె పొయ్యి రాజవేసెడిది. కాని వట్టిచేతులతో వచ్చిన దినమున మందలించుటయు కలదు. గాలి వీచినను వాన కురిసినను కడుపునకు కూడు కావలెననియు, వ్రాతలను కుండలో పెట్టి ఉడికించినవారిని తా నెన్నడును చూడలేదనియు ఆమె యనెను. ఆ మాట బాలుని మనస్సులో నాటుకొనిపోయినది. అది కోపముతో ననిన మాట కాదు. ఆకలి తెలిసినవారి మాట.

పదునాల్గవయేట అతనిని వడ్రంగి పనిలో పెట్టిరి. బలహీనమైన దేహము, దూలమును భుజమున మోయలేకపోయెను. మొదటి గురువు ఈ పిల్లవాడు పనికి రాడని ఇంటికి పంపివేసెను. మఱియొక మేస్త్రీ దయతో చేర్చుకొనెను. ఒకనాడు ఆ మేస్త్రీతో పనినుండి తిరిగివచ్చుచుండగా ముగ్గురు మనుష్యు లెదురైరి. మేస్త్రీ చప్పున దారి తొలగి, చేతులు వ్రేలవైచి, వినయముతో నిలుచుండెను. వారు కన్నెత్తియైనను చూడక సాగిపోయిరి. వారెవరని శిష్యుడు ఆశ్చర్యముతో నడిగెను. వారు చెక్కడపు పనివారనియు, ఇల్లు కట్టు మోటు వడ్రంగులు వారితో సరితూగరనియు గురువు చెప్పెను. ఇరువురును చేతిపనివారే గదా, ఇందు హెచ్చుతగ్గులేమి యని ఛున్‌జి మనసు మండినది. అయినను ఆ మంట వ్యర్థము కాలేదు. తానును చెక్కడపు పని నేర్వవలెనని అతడు పట్టుపట్టి, 1878లో జౌ జిమెయ్ అను ప్రసిద్ధ శిల్పికి శిష్యుడయ్యెను. గురువునకు సంతానము లేదు. శిష్యుని కన్నకొడుకువలె చూచి, తన చేతి యొడుపులన్నియు దాచక నేర్పెను.

ఆ వృత్తిలో ఒక లోపము ఉండెను. మంచములకును పెట్టెలకును చెక్కు బొమ్మలు తరతరములుగా అవియే. కొత్త బొమ్మలు చెక్కవలెనని ఛున్‌జికి కోరిక. చూచి నేర్చుకొనుటకు ఆధారము లేదు.

ఆధారము 1882లో దొరికినది. ఒక ఊరిలో ఒకరియింట పనిచేయుచుండగా అతని కంట ఒక పాత పుస్తకము పడెను. అది ఆవగింజ తోట చిత్రకళా గ్రంథము. ఆ విచిత్రమైన పేరు నాన్కింగు నగరమున దాని ప్రచురణకు సంబంధించిన ఇంటి పేరు. 1679లో మొదటిభాగము వెలువడినది మొదలు చీనాదేశమున చిత్రకళ నేర్వగోరిన ప్రారంభకుల కదియే పెద్దబాలశిక్ష. చెట్టు నెట్లు వేయవలెను? ముందు మొద్దు, తరువాత కొమ్మలు, పిమ్మట ఆకులు. ఆకులలో మరల ఎన్ని తీరులు! ఱాయికి ఎన్ని ముఖములు? వెదురు గణుపు నెట్లు తెంపవలెను? ఒంటి గీత మొదలు పూర్తి చిత్రమువరకు మెట్టుమెట్టుగా చూపు గ్రంథమది. చెక్కఅచ్చులతో రంగులలో ముద్రింపబడినది. అచట దొరికిన ప్రతిలో ఒక సంపుటము లోపించినది. అయినను యువకునకు నిధి దొరికినట్లయ్యెను. తాను అంతవరకు వేసిన బొమ్మలలో తల పెద్దదగుటయో, కాళ్లు పొడవగుటయో ఏల జరుగుచున్నదో అప్పుడు తెలిసినది.

పుస్తకమును కొను శక్తి లేదు, ఎరవు తెచ్చుకొనెను. తన కూలిడబ్బులలో కొంత మిగుల్చుకొనుటకు తల్లి అనుమతి నడిగి, పలుచని వెదురుకాగితము, రంగులు, కుంచెలు కొనెను. పగలెల్ల ఉలి పట్టి, రాత్రి ఇంటికి చేరి, దేవదారు కఱ్ఱముక్కలు వెలిగించి ఆ వెలుగున పుటమీద కాగితము పఱచి గీతలు దిద్దుకొనుచుండెను. ఉఱుముల దేవుని పటమునెడ చేసిన పనియే ఇదియును. కాని అప్పుడది ఆట, ఇప్పుడది తపస్సు. పొగకు కన్నులు మండెడివి. ఆఱునెలలకు గ్రంథమంతయు పూర్తియైనది. ఆ కాగితములను కుట్టగా 16 సంపుటములైనవి. గ్రంథమును సొంతదారునకు అప్పగించి, తన ప్రతిని ఎదుట పెట్టుకొని కొత్తకొత్త బొమ్మలు చెక్కసాగెను. చుట్టుపట్ల నలువది యేబది మైళ్లలో అతని చెక్కడమును మెచ్చనివారు లేకుండిరనుట అతిశయోక్తి కావచ్చును. అడుగువారు పెరిగిరనుట మాత్రము నిజము.

పుటమీద పుట పెట్టి దిద్దినంతమాత్రమున చిత్రకారుడు కాజాలడు. చీనా చిత్రలేఖనమున కష్టమంతయు వేఱొకచోట ఉన్నది. సిరా అనునది దీపపుమసిని జిగురుతో కలిపి గట్టిపఱచిన కడ్డీ. దానిని నీటితో ఱాతిపై, మనము గంధము తీసినట్లు, మెల్లగా అరుగదీయవలెను. నీరెక్కువైన బూడిదవన్నె, తక్కువైన కాటుకవన్నె. ఈ రెంటి నడుమనున్న వన్నెలన్నియు కుంచెలోని తడిని బట్టియే వచ్చును. షువాన్ కాగితము ఒక జాతి చెట్టుబెరడునుండియు వరిగడ్డినుండియు తయారగును. అది తడిని తటాలున పీల్చుకొనును. కుంచె ఒక్క క్షణము తడసిన మచ్చ ప్రాకిపోవును. తొందరపడిన గీత పొడిబాఱి తెగిపోవును. చెఱుపుట లేదు, దిద్దుట లేదు. తాత పొయ్యిలోని బూడిద ఎన్నిమార్లయినను చదునగును. ఈ కాగితము ఒక్కమాఱే. అందుచే ప్రారంభకులు వందలకొలది కాగితములు పాడుచేసిన గాని ఒక వెదురాకు వేయలేరు. కాగితము కొనుటకే డబ్బులేని వడ్రంగికి ఇది ఎంత కష్టమో ఊహింపవచ్చును.

గురువు లేక ఈ విద్య పట్టుబడదు. 1889లో హూ చిన్‌యువాన్ అను సంపన్న పండితుడు ఈ వడ్రంగి వేసిన బొమ్మలను చూచి, పిలిపించి, చదువుకొనుటయు చిత్రలేఖనము నేర్చుకొనుటయు నీకిష్టమేనా యని అడిగెను. ఇష్టమే కాని ఇరువదియైదేండ్లు నిండినవనియు, ఇల్లు గడుపవలసినవాడననియు యువకుడు మనవిచేసికొనెను. పూర్వము సూ షున్ అను మహాపండితుడు ఇరువదియేడవయేటనే చదువునకు పూనుకొనెనని హూగారు జ్ఞప్తిచేసిరి. కుటుంబపోషణకు మార్గమునుగూడ చెప్పిరి: బొమ్మలు వేసి అమ్ముకొనుచు నేర్చుకొనవలసినది. చెన్ షావుఫాన్ అను మఱియొక పండితుడు జీతము పుచ్చుకొనక కవిత్వము చెప్పెను. చీనాదేశమున చిత్రము, పద్యము, చేవ్రాలు, ముద్ర - ఈ నాలుగును ఒకే కాగితముపై కలిసియుండవలెను; ఒక్కటి లోపించినను చిత్రము కుంటువడినట్లే. ఎదిగిన వడ్రంగి చిన్నపిల్లలవలె పద్యములు వల్లెవేయసాగెను. తెలియని గుర్తు వచ్చినప్పుడు గురువును పదేపదే అడుగుటకు సిగ్గుపడి, అదే పలుకుబడిగల తెలిసిన గుర్తును పుటయడుగున చిన్నగా వ్రాసికొనెడివాడు. పువ్వులు, పక్షులు, పురుగులు - వీనిని సన్నని గీతలతో వేయుట హూగారు నేర్పిరి. తాము సేకరించిన ప్రాచీన చిత్రములను ముందుపెట్టి చూపిరి. సమీపమునగల ఒక గ్రామము పేరునుబట్టి తెల్లఱాయి అను నర్థమిచ్చు బైషీ అను పేరును వారే పెట్టిరి.

అప్పటికి ఫోటోగ్రాఫులు ఆ పల్లెలకు చేరలేదు. ముఖచిత్రములు వేయువారికి గిరాకి యుండెను. బైషీ ఆ విద్యనుగూడ నేర్చి, ఒక్కొక్క ముఖచిత్రమునకు రెండు తులముల వెండి చొప్పున పుచ్చుకొనసాగెను. ఉలి ప్రక్కకు పోయినది. ఇంట మూడుపూటల పొయ్యి వెలిగినది. అప్పుడు నాయనమ్మ మనుమని చేతిని చూచి సంతసించి, వ్రాతలను కుండలో నుడికించినవారిని చూడలేదని తా నొకనాడనిన మాటను తానే తలచుకొని, నీ బొమ్మలు కుండలో ఉడుకుచుండుట ఇప్పుడు చూచుచున్నానని ఒప్పుకొనెను.

వడ్రంగి యను పేరు మాత్రము తొలగిపోలేదు. కొందఱు గొప్ప యిండ్లవారు చిత్రము వేయించుకొనెడివారు గాని, దానిపై పద్యము వ్రాయుటకును చేవ్రాలు చేయుటకును ఒప్పుకొనెడివారు కారు. పామరుని వ్రాత తమ గోడకు తగదని వారి భావము. బైషీ కోపపడక ఊరకుండెను, కాని మఱచిపోలేదు. ముద్రలు చెక్కుట నేర్వవలెనని బయలుదేరినపుడు, ఒక బుట్టెడు మెత్తని ఱాళ్లు తెచ్చి, చెక్కి అరుగదీసి, మరల చెక్కి మరల అరుగదీసి, ఆ బురద మూడు నాలుగు పెట్టెలు నిండువరకు చేసిన విద్య వచ్చునని ఒక మిత్రుడు పరిహాసముగా ననెను. బైషీ దానిని పరిహాసముగా తీసికొనలేదు. ఇల్లంతయు ఱాతిబురదతో నిండిపోయెను. ఉలి పట్టిన చేయి ఇక్కడ అక్కఱకు వచ్చినది. పెద్దవాడైన పిమ్మట ఆయన తన చిత్రములపై వేయు ముద్రలలో కొన్నింటియందు తాను వడ్రంగుల కులగురువగు లూ బాన్ శిష్యుడనని చెక్కుకొనెను. ఏ పేరును లోకము తక్కువగా చూచినదో ఆ పేరునే ఎఱ్ఱని అక్షరములలో కాగితముపై ముద్రించెను.

1902 మొదలు 1909 వఱకు ఆయన ఐదుమార్లు దేశసంచారము చేసి, శీఆన్, బీజింగు, గ్విలిన్, కాంటను, షాంఘై మున్నగు చోట్ల కొండలను నదులను కన్నులార చూచి గీతలలో పదిలపఱచుకొని వచ్చెను. పుస్తకములోని కొండలకును కన్నుల యెదుటి కొండలకును గల భేదము అప్పుడు తెలిసినది. తరువాత స్వగ్రామముననే వృద్ధాప్యము గడపదలచెను. కాని దేశమున అంతఃకలహములు చెలరేగెను. హూనాన్ పల్లెలు దొంగల పాలయ్యెను. 1917లో బీజింగునకు పోయి తిరిగివచ్చి, 1919లో ముదుసలులగు తల్లిదండ్రులను, భార్యను ఊర విడిచి, కన్నీటితో మరల ఆ నగరమునకు చేరి అక్కడనే స్థిరపడెను. అప్పటి కాయనకు యేబదియైదేండ్లు.

బీజింగు ఆయనను లెక్కచేయలేదు. పదునేడవ శతాబ్దమునాటి బాదా షాన్‌రెన్ అను మహాచిత్రకారుని పోకడలో, కొలదిపాటి గీతలతో, చల్లని శూన్యముతో ఆయన బొమ్మలు వేయుచుండెను. కొనువారికి అవి రుచింపలేదు. ఒక విసనకఱ్ఱకు రెండు వెండి నాణెములు వెలకట్టినను అడుగువారు అరుదు. ఇతర చిత్రకారులు పుచ్చుకొనుదానిలో అది సగము. ఒకనాడు ఒక పెద్దయింటి విందునకు పిలుపు రాగా పోయెను. పాత దుస్తులు ధరించిన ఈ పల్లెటూరి మనుష్యునితో ఎవ్వరును మాటలాడలేదు. వచ్చి తప్పుచేసితినని ఆయన అనుకొనుచుండగా, దేశమెల్ల పేరుమ్రోగిన నటుడు మెయ్ లాన్‌ఫాంగ్ లోనికి వచ్చి, అందఱిని దాటి, నేరుగా ఈ ముసలివానికడకు పోయి నమస్కరించెను. అప్పుడు గాని తక్కినవారి కన్నులకు ఆయన కనబడలేదు. అంతకుముందే మెయ్ తన యింట ఆయనచే పురుగుల చిత్రములు వేయించుకొనుచు, తానే కాగితము పఱచి సిరా అరుగదీసి, ప్రతిఫలముగా ఒక పాట పాడి వినిపించెను. తరువాత ఆయనవద్ద చిత్రలేఖనమును నేర్చెను.

బైషీ ముద్రలను అంగడిలో చూచి వెదకికొని వచ్చిన మఱియొక మిత్రుడు చెన్ షిజెంగ్. ఇతడు పండితుడు, చిత్రకారుడు, వయస్సున చిన్నవాడు. నీవు ఇతరుల దారిని నడచుచున్నావు, నీ దారి నీవు వెదకికొనుమని ఇతడు నిర్మొగమాటముగా చెప్పెను. అఱువదేండ్లకు చేరువైనవానితో అనదగిన మాట కాదది. అంతవరకు సంపాదించినదంతయు ప్రక్కన పెట్టి, కుంచె పట్టుటనే మరల నేర్చుకొనవలెను. ఆ నడుమ బొమ్మలు అమ్ముడుపోకున్న తినుట యెట్లు? బైషీ ఆ మాట వినెను. ఆకలితో చచ్చినను సరే, పూర్వపు పద్ధతిని విడుతునని నిశ్చయించుకొని తలుపులు మూసికొనెను. వేసినవానిని చింపుచు, మరల వేయుచు ఇంచుమించు పదియేండ్లు గడపెను. ఆయన జీవితమున అన్నిటికంటె ధైర్యమైన పని యిదియే యని చెప్పవలెను. దేవదారు వెలుగున దిద్దిన యువకునకు పోగొట్టుకొనుట కేమియు లేదు; ఈ ముసలివానికి ఉన్నది.

ఆ మార్పునుండి వెలువడిన చిత్రములు ఎవరిని పోలినవి కావు. నల్లని ఆకుల నడుమ కణకణలాడు ఎఱ్ఱని పువ్వులు. మోటుగా వేసిన ఆకుపై రెక్కల నరములు లెక్కింపదగునంత సన్నగా వేసిన తూనీగ. సొరకాయలు, క్యాబేజీలు, కోడిపిల్లలు, ఎండ్రకాయలు, ఎలుకలు, వ్యవసాయపు పనిముట్లు - గొప్ప చిత్రకారులు తలయెత్తి చూడని వస్తువులన్నియు ఆ కాగితములకెక్కినవి. 1922లో చెన్ షిజెంగ్ ఆయన చిత్రములను టోకియో నగరమున ప్రదర్శనకు తీసికొనిపోయెను. అన్నియు అమ్ముడుపోయెను, రెండడుగుల ప్రకృతిదృశ్య మొకటి 250 వెండి నాణెములకు పోయినది. రెండు నాణెముల విసనకఱ్ఱను కొననివారు గూడ అటుపిమ్మట ఆయన వాకిట నిలిచిరి. మరుసటి యేడే చెన్ మరణించెను. ఆ మిత్రుని తలచుకొని బైషీ జీవితాంతము దుఃఖించెను.

ఆయన పేరు చెప్పగానే లోకమునకు గుర్తువచ్చునవి రొయ్యలు. చిన్ననాట చుక్కల చెఱువులో వానితో ఆడుకొనినవాడే అయినను, వృద్ధాప్యమున గిన్నెలో నీరుపోసి రొయ్యలను వదలి బల్లపై ఉంచుకొని, దినముల తరబడి చూచుచుండెను. మొదట వేసిన రొయ్యలు ఉన్నవి ఉన్నట్లుండెను గాని కదలలేదు. ఏండ్లు గడచినకొలది కాళ్ల సంఖ్యను తగ్గించెను. నడుము వంపును మార్చెను. పలుచని సిరాతో తల వేసి, అది ఆఱకముందే దానిపై ఒక కాటుకచుక్క పెట్టుట కనిపెట్టెను. ఆ చుక్క తడిలో కొంచెము ప్రాకి, గాజువంటి దేహములోని లోపలి భాగమువలె కనబడును. కాళ్లు తక్కువైనకొలది రొయ్య సజీవమయ్యెను. కాగితముపై ఎక్కడను నీరు వేయలేదు. అయినను అవి నీటిలో ఈదుచున్నవి. ఈ మార్పులకు ఇంచుమించు ముప్పదియేండ్లు పట్టినవి.

1927లో బీజింగు కళాశాలవారు బోధకునిగా ఆహ్వానింపగా, పల్లెటూరివాడను, కొత్తపద్ధతి బడులు నాకేమి తెలియునని వెనుకాడి, తుదకు అంగీకరించెను. శిష్యులు తన చిత్రములను చూచి అచ్చముగా వ్రాసికొనుట ఆయనకు నచ్చదు. 16 సంపుటములు చూచి దిద్దినవాడే ఇట్లనుట వింతగా తోచవచ్చును. చూచి దిద్దుటకు ఒక కాలము కలదనియు, అక్కడనే ఉండిపోయినవానికి ప్రాణము లేదనియు ఆయన నమ్మకము.

1937లో జపాను సైన్యము బీజింగు నాక్రమించెను. బైషీ ఉద్యోగము మానెను. ఆక్రమణదారులును, వారి క్రింది అధికారులును చిత్రములకై వచ్చుచుండగా, వీధితలుపు మూయించి, వృద్ధునకు జబ్బు తిరుగబెట్టినది గాన అతిథులను చూడజాలడని కాగితము అంటించెను. అధికారులకు బొమ్మలు అమ్మబడవని మఱియొక ప్రకటన చేసెను. 1944 నాటికి నగరమున బొగ్గు బంగారమైనది. కళాశాలవారు ఆయనకు చలికాలపు బొగ్గు కేటాయించిరి. ఇప్పుడు తాను ఆ కళాశాల మనిషిని కానని వ్రాసి, ఆ బొగ్గును త్రిప్పిపంపెను. అప్పటి కాయన ఎనుబదియవయేట నుండెను.

ఆయన వయస్సు విషయమున చిక్కొకటి కలదు. డెబ్బదియైదవయేట గండమున్నదని ఒక జ్యోతిష్కుడు చెప్పగా, దానిని తప్పించుకొనుటకు 1937లో తన వయస్సునకు రెండేండ్లు చేర్చుకొని ఒక్కసారిగా డెబ్బదియేడని లెక్కపెట్టెను. అందుచే చివరికాలపు చిత్రములపై ఆయన వ్రాసిన వయస్సు అసలు వయస్సున కెక్కువగా ఉండును. పటములు పరిశీలించువారు మొదట ఈ లెక్కను సరిచేసికొనవలెను.

1952లో శాంతిని కోరు ఒక మహాసభకై పావురములను చిత్రింపవలసివచ్చెను. అంతవరకు ఆయన పావురములను అంతగా వేసినవాడు కాడు. ఆ వయస్సున పావురములను పెంచి, వాని యెగురుటను, వాలుటను కనిపెట్టి చూచుచు, తోకలో 12 ఈకలున్నవని లెక్కించి వ్రాసికొనెను. 1953లో ప్రభుత్వము ఆయనకు ప్రజాకళాకారుడను బిరుద మిచ్చెను. 1956లో ప్రపంచ శాంతి మండలి ఇచ్చిన అంతర్జాతీయ శాంతి బహుమానమును ఆయన బీజింగున స్వీకరించెను.

1957 సెప్టెంబరు 16వ తేదీన చీ బైషీ మరణించెను. ఆ యేడు ఆయనకు జ్ఞాపకము సన్నగిల్లినది. అయినను అలవాటు చొప్పున కుంచె అందుకొని ఒక పియనీ పువ్వును వేసెను. ఆకులు గాలికి ఊగుచున్నట్లును, ఎఱ్ఱని రేకులు వాని నడుమ విచ్చుచున్నట్లును ఉండును. అదియే ఆయన చివరి చిత్రమని చెప్పుదురు.